బంగినపల్లి మీద నల్లమచ్చ: తప్పు మండీదా, కార్బైడ్‌దా, పూత నాటి వానదా?

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే హైదరాబాద్‌లో అయినా, కర్నూలులో అయినా మన ఇళ్ళల్లో ఒక పెట్టె మామిడి దిగాల్సిందే. కొనేటప్పుడు కాయ ఆకుపచ్చగా, గట్టిగా, నున్నగా ఉంటుంది. గడ్డిలో పెట్టి నాలుగు రోజుల తర్వాత తీసి చూస్తే తోలు మీద చిన్న చిన్న నల్ల చుక్కలు. ఇంకో రెండు రోజులకు ఆ చుక్కలు ఒకదానితో ఒకటి కలిసిపోయి రూపాయి బిళ్ళంత మచ్చలవుతాయి. అప్పుడు ఇంట్లో పంచాయితీ మొదలు. "కార్బైడ్ పెట్టి ఉంటాడు" అని ఒకరు, "పాత సరుకు అంటగట్టాడు" అని ఇంకొకరు.

చాలాసార్లు ఈ రెండు మాటలూ నిజం కావు. ఆ మచ్చకు కారణమైన ఫంగస్ రెండు మూడు నెలల కిందటే, చెట్టు మీద పూత, పిందె ఉన్నప్పుడే కాయ తోలులోకి వెళ్ళి కూర్చుంది. పండు మాగే దాకా బయటపడలేదు, అంతే.

ఈ సంగతి తినేవాళ్ళకంటే వ్యాపారం చేసేవాళ్ళకు ఇంకా ముఖ్యం. మన వాళ్ళలో తోటలు గుత్తకు పట్టేవాళ్ళు, బాటసింగారం పండ్ల మార్కెట్‌లో కమీషన్ వ్యాపారం చేసేవాళ్ళు, తోపుడు బండి మీద పండ్లు అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకు ఈ నల్ల చుక్క అంటే సీజన్ మొత్తం కష్టం. మిద్దె మీద కుండీల్లో గులాబీలు పెంచుకునే ఇళ్ళకూ ఇదే కథ వేరే రూపంలో ఎదురవుతుంది. అందుకే ఈ ఫంగస్ తెగుళ్ళు ఎలా వస్తాయి, ఎప్పుడు ఆపగలం, ఎప్పుడు ఆపలేం అన్నది వివరంగా చూద్దాం.

ఫంగస్ ఎలా బతుకుతుంది?

రొట్టె మీద బూజు మనందరం చూసిందే. మొక్కల మీద వచ్చే ఫంగస్ కూడా ఆ జాతిదే. మొక్కలాగా ఎండ నుంచి సొంతంగా ఆహారం తయారు చేసుకోలేదు కాబట్టి ఇంకొకరి మీద పడి బతుకుతుంది. దీనికి విత్తనాల్లాంటివి ఉంటాయి, పుస్తకాల్లో సిద్ధబీజాలు అంటారు. కంటికి కనిపించనంత చిన్నవి. గాలిలో ఎగిరో, వాన చినుకు చిందినప్పుడు నీటితో పాటో ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకు చేరతాయి.

మామిడిలో ఆ నల్ల చుక్కలను మచ్చ తెగులు అంటాం. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఆంత్రాక్నోస్. గ్రీకు భాషలో ఆంత్రాక్స్ అంటే బొగ్గు, మచ్చ బొగ్గులా నల్లగా ఉంటుందని ఆ పేరు. దీన్ని తెచ్చేది కొలెటోట్రైకం అనే ఫంగస్ కుటుంబం. మామిడి ఒక్కటే కాదు. మిర్చి, బొప్పాయి, అరటి, జామ, ఇంట్లో పెంచుకునే మనీ ప్లాంట్, క్రోటన్ ఆకుల మీద కూడా ఈ కుటుంబానికి చెందిన ఫంగస్‌లు మచ్చలు తెస్తాయి.

దీనికి కావలసినవి రెండే: వెచ్చదనం, తడి. సుమారు 25 నుంచి 30 డిగ్రీల వేడి, ఆకు మీద కొన్ని గంటల పాటు ఆరని నీళ్ళు ఉంటే చాలు, బీజం మొలకెత్తుతుంది. అది వాన నీరే కానక్కర్లేదు, రాత్రి కురిసిన మంచు కూడా సరిపోతుంది. ఆకులు తొందరగా ఆరిపోతే బీజం మొలకెత్తలేక ఆగిపోతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

పచ్చి కాయలో నిద్ర, పండులో మెలకువ

మొలకెత్తిన బీజం ముందు కాయ తోలుకు గట్టిగా అతుక్కుంటుంది. అతుక్కున్న చోట నుంచి మేకు లాంటి సన్నని కొనను తోలులోకి దించుతుంది. కాయకు గాయం ఉండాల్సిన పని లేదు, నున్నటి తోలును కూడా చీల్చుకుని వెళ్ళగలదు.

అయితే పచ్చి మామిడి తోలులో ఫంగస్‌ను అడ్డుకునే సహజ రసాయనాలు ఉంటాయి. అవి బలంగా ఉన్నంత కాలం ఫంగస్ చావదు, పెరగదు, అక్కడే నిద్రలో ఉంటుంది. బయటి నుంచి చూస్తే కాయ మీద ఏ గుర్తూ ఉండదు. నలభై ఏళ్ళ అనుభవం ఉన్న వ్యాపారి చేతిలోకి తీసుకుని తిప్పి చూసినా పట్టుకోలేడు.

కాయ మాగడం మొదలవగానే లెక్క మారుతుంది. తోలులోని ఆ రసాయనాలు తగ్గిపోతాయి, లోపల తీపి పెరుగుతుంది, కండ మెత్తబడుతుంది. ఫంగస్‌కు దారి తెరుచుకున్నట్టే. నాలుగైదు రోజుల్లో మచ్చలు బయటపడతాయి.

మరి కార్బైడ్ సంగతి? కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మాగపెట్టడం మన దేశంలో చట్టరీత్యా నిషేధం. దాని బదులు ఎథిలీన్ గ్యాస్‌ను 100 పీపీఎం వరకు వాడవచ్చని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016లో అనుమతి ఇచ్చింది. కార్బైడ్ వాడటం తప్పే, అందులో రెండో మాట లేదు. కానీ నల్ల చుక్కలు కార్బైడ్‌కు గుర్తు అనుకుంటే పొరపాటు. చెట్టు మీదే మాగిన పండుకు కూడా ఈ మచ్చలు వస్తాయి. అలాగే చుక్క ఒక్కటి కూడా లేని పండు కార్బైడ్‌తో మాగపెట్టిందీ కావచ్చు.

అసలు పోరాటం పూత రోజుల్లోనే

మన దగ్గర మామిడి పూత డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వస్తుంది. నూజివీడు వైపు అయినా, జగిత్యాల, కొల్లాపూర్ వైపు అయినా ఆ రోజుల్లో రైతు ఆకాశం వైపే చూస్తుంటాడు. పూత మీద అకాల వాన పడితేనో, వరసగా మబ్బు పట్టి పొగమంచు కురిస్తేనో మచ్చ తెగులు పూతనే కాల్చేసినట్టు చేస్తుంది. పూల కాడల మీద నల్లటి చారలు వచ్చి పూత మాడి రాలిపోతుంది. రాలకుండా మిగిలిన పిందెల్లోకి ఫంగస్ చేరి నిద్రపోతుంది.

అదే పూతకు ఇంకో శత్రువు బూడిద తెగులు. పూల మీద తెల్లటి పిండి చల్లినట్టు కనిపిస్తుంది. దీని స్వభావం వేరు. దీనికి ఆకు మీద నీళ్ళు నిలవాల్సిన పని లేదు. రాత్రి చల్లగా, గాలిలో తేమగా ఉండి పగలు పొడిగా ఉంటే చాలు. "వాన లేదు కదా, తెగులు రాదు" అనుకున్న ఏడాదే బూడిద తెగులు దెబ్బ కొట్టడానికి కారణం ఇదే.

ఈ ఫంగస్ ఏడాదంతా ఎక్కడ ఉంటుంది? చెట్టు మీద ఎండిపోయిన పుల్లల్లో, కింద రాలిన ఆకుల్లో, చెట్టుకే వేలాడుతూ మాడిపోయిన పూల కాడల్లో. వాన చినుకు వాటి మీద పడి చిందినప్పుడల్లా బీజాలు కొత్త చిగుళ్ళ మీద పడతాయి. అందుకే కోతలు అయిపోగానే, అంటే జూన్, జూలైలో ఎండు కొమ్మలు తీసేసి, గుబురుగా ఉన్నచోట కత్తిరించి, లోపలికి గాలి, ఎండ తగిలేలా చేయడం అన్నిటికంటే చవకైన మందు. దానికి కూలి ఖర్చు తప్ప వేరే ఖర్చు లేదు.

మందు కొట్టేవాళ్ళు కూడా వేళ చూసుకోవాలి. పూల కాడలు బయటికి వచ్చి పూలు ఇంకా విచ్చుకోకముందు ఒకసారి, పిందె కట్టిన తర్వాత ఇంకోసారి కొడతారు. పూలు బాగా విచ్చుకున్నప్పుడు కొడితే పరాగసంపర్కం చేసే ఈగలు, తేనెటీగలు దెబ్బతింటాయి, పిందె కట్టడం తగ్గుతుంది. కాయ ఎదిగే దశలో కాగితపు కవర్లు తొడిగే పద్ధతి కూడా ఈమధ్య తోటల్లో కనిపిస్తోంది. కవర్ లోపల కాయ మీద వాన నీరు పడదు, పండు ఈగ వాలదు, రంగు కూడా బాగా వస్తుంది.

నల్లగా ఉన్నవన్నీ ఒకటే తెగులు కాదు

మండీలో కాయ చూసేటప్పుడు ఈ తేడాలు తెలిస్తే బేరం దగ్గర పనికొస్తాయి.

మచ్చ తెగులు: గుండ్రటి నల్ల చుక్కలు, కొంచెం లోపలికి గుంట పడినట్టు ఉంటాయి. కాయ మాగేకొద్దీ పెరుగుతాయి. పైనుంచి నీరు కారిన దారిలో కన్నీటి చారల్లా కూడా కనిపిస్తాయి.

మసి తెగులు: కాయ మీద పొగచూరినట్టు నల్లటి పొర. తడి గుడ్డతో గట్టిగా తుడిస్తే వచ్చేస్తుంది. తేనెమంచు పురుగు వదిలిన తీపి జిగురు మీద పెరిగే ఫంగస్ ఇది. కండలోకి వెళ్ళదు. చూపుకు బాగుండదు కాబట్టి ధర తగ్గుతుంది కానీ పండు చెడదు.

సొన మచ్చ: కాయ కోసినప్పుడు తొడిమ దగ్గర నుంచి కారిన సొన తోలును కాల్చడం వల్ల వచ్చే గోధుమ రంగు చార. ఇది తెగులే కాదు, కోతలో అజాగ్రత్త. తొడిమ కొంచెం ఉంచి కోసి, సొన కారిపోయేలా తలకిందులుగా పెడితే రాదు.

తొడిమ కుళ్ళు: తొడిమ చుట్టూ మొదలై కిందికి వేగంగా పాకుతుంది. ఇది కూడా ఫంగసే, కానీ మచ్చ తెగులు కంటే తొందరపాటుది. పెట్టెలో ఇలాంటి కాయ కనిపిస్తే వెంటనే తీసి పక్కన పెట్టాలి.

మిర్చిలో అదే కుటుంబం: కాయకుళ్ళు, తాలు

గుంటూరు, ఖమ్మం, వరంగల్ మిర్చి యార్డులకు వెళ్ళినవాళ్ళకు "తాలు" అనే మాట తెలుసు. రంగు పోయి, తెల్లబారిన కాయలను తాలు అంటారు. ఎర్రటి మంచి కాయ ధర ఒకటి, తాలు ధర దానికి చాలా కింద. కాయలు ఇలా తెల్లబారడానికి ఉన్న పెద్ద కారణాల్లో కాయకుళ్ళు తెగులు ఒకటి. దీన్ని తెచ్చేది కూడా కొలెటోట్రైకం కుటుంబమే.

మామిడిలో లాగే ఇక్కడా పచ్చి కాయలో దాక్కుని, కాయ ఎర్రబడేటప్పుడు బయటపడుతుంది. కాయ మీద గుంట పడిన మచ్చ, దాంట్లో వలయాలు వలయాలుగా నల్లటి చుక్కలు కనిపిస్తాయి. కొమ్మల మీద వస్తే చివరి నుంచి వెనక్కి ఎండుకుంటూ వస్తుంది, దాన్ని కొమ్మఎండు తెగులు అంటారు.

మిర్చిలో ఇంకో చిక్కు ఉంది. ఈ ఫంగస్ విత్తనంతో కూడా వస్తుంది. తెగులు వచ్చిన చేలో కాయల నుంచి విత్తనం తీసి దాచుకుంటే, వచ్చే ఏడాది తెగులును కూడా దాచుకున్నట్టే. అందుకే విత్తనాన్ని విత్తే ముందు శుద్ధి చేయమంటారు. కిలో విత్తనానికి 3 గ్రాముల కాప్టాన్ లేదా థైరాం పట్టించడం ఎప్పటి నుంచో ఉన్న సిఫార్సు.

కోసిన తర్వాత కళ్ళంలో ఆరబెట్టడం కూడా ముఖ్యమే. మట్టి నేల మీద కాకుండా టార్పాలిన్ మీద పలచగా పరిచి, రాత్రి మంచు తగలకుండా కప్పాలి. సరిగ్గా ఆరని మిర్చి, వేరుశెనగ మీద వేరే రకం బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. అది కాలేయానికి హాని చేస్తుంది, వండినా పోదు. బూజు వాసన వచ్చే మిరపకాయలు, ముడుచుకుపోయిన పల్లీలు చవకగా వస్తున్నాయని ఇంటికి తేవద్దు.

మిద్దె మీద గులాబీకి ఏమైంది?

ఇప్పుడు ఇంటి దగ్గరికి వద్దాం. కుండీలో గులాబీ కింది ఆకుల మీద అంచులు చెదిరిన నల్లటి మచ్చలు వచ్చి, ఆకు పసుపు పచ్చగా మారి రాలిపోతుంటే అది నల్లమచ్చ తెగులు. దీని ఫంగస్ మామిడి దానికంటే వేరు, అయినా సూత్రం అదే. దాని బీజానికి ఆకు మీద దాదాపు 7 గంటల పాటు తడి ఉండాలి.

సాయంత్రం మగ్రిబ్ వేళ పైపు పట్టుకుని మొక్కల తల మీద నుంచి నీళ్ళు కొట్టడం చాలా ఇళ్ళల్లో అలవాటు. పగటి వేడికి మొక్క సేదతీరుతుందని అలా చేస్తాం. కానీ అప్పుడు తడిసిన ఆకులు తెల్లారే దాకా ఆరవు. అంటే ఆ ఫంగస్‌కు కావాల్సిన 7 గంటలు మన చేత్తోనే ఇచ్చినట్టు. అదే నీళ్ళు ఉదయం పూట, ఆకులు తడవకుండా మొదట్లో పోస్తే సగం సమస్య తీరుతుంది. ఫజ్ర్ తర్వాత అయితే ఇంకా మంచిది.

మచ్చలు వచ్చిన ఆకులు, కింద రాలినవి ఏరి చెత్తలో వేయండి. కుండీలోనే ఎరువు అవుతుందని వదిలేయొద్దు. కుండీకి కుండీకి మధ్య జానెడు ఎడం ఉంచితే గాలి ఆడుతుంది. కొమ్మ చివర నుంచి నల్లబడి కిందికి ఎండుతుంటే ఎండిన భాగానికి రెండు అంగుళాల కింద, లోపల పచ్చగా కనిపించేదాకా కత్తిరించాలి. కత్తెరను ప్రతి మొక్కకూ స్పిరిట్‌తో తుడవాలి, లేకపోతే తెగులును మనమే పంచినవాళ్ళమవుతాం.

చలికాలంలో గులాబీ లేత ఆకుల మీద తెల్లటి పిండి కనిపిస్తే అది బూడిద తెగులు. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి కొట్టవచ్చు. అయితే ఎండ ముదిరినప్పుడు కొడితే ఆకులు మాడతాయి, చల్లటి పూటే చూసుకోవాలి.

మందు ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు చేయదు

ఫంగస్ మందుల్లో ఎక్కువ భాగం కాపలా మందులు. ఆకు మీద పొరలా ఉండి, పడిన బీజం మొలకెత్తకుండా ఆపుతాయి. రాగి మందులు, మాంకోజెబ్, గంధకం ఈ రకం. బీజం లోపలికి వెళ్ళిపోయాక ఇవి పెద్దగా చేసేదేమీ లేదు. మొక్క లోపలికి ఇంకిపోయే మందులు వేరే ఉన్నాయి. అవి కూడా వచ్చిన మచ్చను చెరపలేవు. పైగా ఒకే మందును పదే పదే కొడితే ఫంగస్ దానికి అలవాటు పడిపోతుంది, కాబట్టి మార్చి మార్చి వాడమంటారు.

పాత మందుల్లో ఒకటి బోర్డో మిశ్రమం. దాని కథ తమాషాగా ఉంటుంది. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో దారి పక్క ద్రాక్షలు దొంగలు తినకుండా రైతులు వాటి మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. ఆ వరుసల్లో మాత్రం తెగులు రాలేదని మిలార్డే అనే శాస్త్రవేత్త గమనించి, 1885లో ఆ మందును లోకానికి చెప్పారు. ఒక కిలో మైలుతుత్తం, ఒక కిలో సున్నం, 100 లీటర్ల నీళ్ళు. ఇదే 1 శాతం బోర్డో మిశ్రమం. ఇప్పటికీ వాడుతున్నారు. ఇనప పాత్రలో మాత్రం కలపకూడదు.

ఏ మందైనా డబ్బా మీద రాసిన మోతాదు, కొట్టిన తర్వాత కోతకు ఆగాల్సిన రోజులు తప్పకుండా చూడాలి. మాస్కు, గ్లోవ్స్ లేకుండా కొట్టొద్దు. సందేహం ఉంటే కిసాన్ కాల్ సెంటర్ టోల్‌ఫ్రీ నంబర్ 1800-180-1551కి ఫోన్ చేస్తే తెలుగులోనే సమాధానం చెబుతారు.

కోసిన తర్వాత చేయగలిగింది ఒకటుంది. ప్యాక్‌హౌస్‌లలో మామిడిని 52 నుంచి 55 డిగ్రీల వేడి నీళ్ళలో 5 నుంచి 10 నిమిషాలు ముంచి తీస్తారు. తోలులో నిద్రపోతున్న ఫంగస్ చాలావరకు దెబ్బతింటుంది. వేడి కొంచెం ఎక్కువైతే పండు ఉడికిపోతుంది, తక్కువైతే ఫలితం ఉండదు. కాబట్టి ఇది కొలత పరికరాలు ఉన్నచోట చేసే పని, ఇంట్లో గిన్నెలో చేసేది కాదు.

గుత్త లెక్కలో మచ్చ ఖరీదు

ఇప్పుడు లెక్క చూద్దాం. ఉదాహరణకు ఒక తోటను 3 లక్షలకు గుత్త పట్టారు, మందులు, కాపలా, కోత, రవాణా కలిపి ఇంకో 60 వేలు అయ్యాయి అనుకుందాం. మొత్తం 3 లక్షల 60 వేలు. కాపు 12 టన్నులు వస్తే కిలో 30 రూపాయలు పడింది. అందులో 15 శాతం మచ్చలతో అమ్ముడుపోకపోతే మిగిలింది 10,200 కిలోలు. ఇప్పుడు కిలో 35 రూపాయలు దాటింది. పారేసిన కాయకు కూడా కోత కూలి, లారీ కిరాయి ఇచ్చేశాం కాబట్టి ఆ భారమంతా మంచి కాయ మీద పడుతుంది. కిలోకు నాలుగైదు రూపాయల లాభం చూసుకునే వ్యాపారంలో ఇంకేం మిగలదు.

పూత మీదే తోట బేరం చేసేటప్పుడు ఈ నష్టం ఎవరిది అన్న ప్రశ్న కొత్తది కాదు. సహీహ్ బుఖారీలో హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) చెప్పిన హదీసు ఉంది. మదీనాలో పండ్లు పక్వానికి రాకముందే అమ్ముకునేవారని, కోత వేళ కొన్నవాళ్ళు తెగులు వచ్చిందంటూ తగాదాకు దిగేవారని, అలాంటి తగాదాలు ఎక్కువయ్యాక పండు బాగు తెలిసేదాకా అమ్మకం వద్దని మహాప్రవక్త (స) సలహా ఇచ్చారని దాని సారాంశం. అందులో ఖర్జూరానికి వచ్చే తెగుళ్ళ పేర్లు కూడా ఉన్నాయి. ఈ విషయంలో ఫిఖ్ మజ్‌హబ్‌ల మధ్య తేడాలున్నాయి కాబట్టి మీ ఒప్పందం గురించి తెలిసిన ఆలిమ్‌ను అడగడం మంచిది.

మతం మాట పక్కన పెట్టినా, వ్యాపారం దృష్టితో చూసినా అందులో పెద్ద తెలివి ఉంది. కాయ తోలులో ఏముందో పూత నాడు అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. అందుకే మాట మీద వదిలేయకుండా కాగితం మీద పెట్టుకోవాలి. పోయిన ఏడాది ఎండు కొమ్మలు తీశారా? పూతకు ముందు మందు ఎవరు కొట్టాలి, ఖర్చు ఎవరిది? పూత మీద అకాల వాన పడితే గుత్త సొమ్ము ఎంత తగ్గుతుంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాసుకుంటే కోత నాటి తగాదాలు చాలావరకు ఉండవు.

ఇంట్లో మచ్చ పండు వచ్చిందంటే

మచ్చ చిన్నదై, తోలు వరకే ఉండి, కింద కండ గట్టిగా, మంచి వాసనతో ఉంటే ఆ చుట్టుపక్కల కొంచెం ఎక్కువగా కోసి తీసేసి మిగతాది తినవచ్చు. కండ నల్లబడినా, పులిసిన వాసన వచ్చినా, పైన బూజు కనిపించినా పారేయండి. ఆవకాయకు, మురబ్బాకు మచ్చలేని కాయలే వాడండి, నిల్వ పదార్థంలో ఒక్క ముక్క చెడినా జాడీ అంతా పాడవుతుంది.

పెట్టె మొత్తం ఒకేసారి మాగబెట్టకండి. నాలుగు రోజులకు సరిపడా తీసి మాగబెట్టి, మిగతా కాయలు గాలి తగిలే చోట ఒక్క వరుసలో పరచండి, రోజూ ఒకసారి చూసి మచ్చ మొదలైన వాటిని ముందు తినేయండి. పెట్టె కొనేముందు వ్యాపారిని ఒక మాట అడగండి: "భాయ్, ఈ తోటలో పూత మీద వాన పడిందా?" నిజం చెప్పే వ్యాపారి దగ్గర కార్బైడ్ గురించి అడిగే ప్రశ్న ఎంత అవసరమో, ఇదీ అంతే అవసరం.